ఖాళీ బండి వేరు, లోడు బండి వేరు: పికప్ తాళం తిప్పేముందు ఏం చేయాలి?

ఆ రోజు చింతామణి మండీ బయట కాస్త వాలుగా ఉన్న చోట బండి నిలిపాను. హ్యాండ్ బ్రేకు లాగాను, బండి కదల్లేదు, దిగి టీ కొట్టు వైపు నడిచాను. టమాటా క్రేట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. నలభై దాటాయో లేదో, వెనక నుంచి కేక: "అన్నా, బండి పోతాండాది!" భుజం మీద క్రేటుతో వెనకే నిలబడ్డ పిల్లోడు పక్కకు దూకాడు. ఎవరో రాయి తెచ్చి చక్రం కింద తోశారు. రెండడుగులు జారి బండి ఆగింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత చూస్తే బ్రేకు బాగానే ఉంది. ఖాళీ బండిని పట్టి ఉంచిన హ్యాండ్ బ్రేకుకు, ఆరేడు వందల కిలోలు ఎక్కాక ఆ వాలులో బలం చాల్లేదు.

పికప్ కొన్నవాళ్లకు, బాడుగకు తోలేవాళ్లకు, కారు నడిపి నడిపి కొత్తగా పికప్ ఎక్కినవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. మీ దగ్గరున్నది ఒక బండి కాదు, రెండు బండ్లు. ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, లోడుతో ఉన్నప్పుడు ఇంకొకటి. టైర్లలో గాలి, బ్రేకు పట్టే దూరం, హెడ్‌లైటు పడే చోటు, మలుపులో ఒరిగే తీరు అన్నీ మారిపోతాయి. కాబట్టి బయల్దేరే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఇప్పుడు నేను ఏ బండి నడపబోతున్నాను?

ముందు బరువు లెక్క

ఆర్సీ తీసి చూడండి. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మీరు ఎక్కించగలిగింది వస్తుంది. ఖాళీ బరువులో డ్రైవరు, క్లీనరు ఉండరు, వాళ్లనూ తీసేయాలి.

ఒక లెక్క చెబుతాను. మొత్తం బరువు 2,990 కిలోలు, ఖాళీ బరువు 1,690 అనుకుందాం. తేడా 1,300. ఇద్దరు మనుషులకు 140 పోతే 1,160. కోలారు మార్కెట్లో టమాటా పెట్టె 15 కిలోల లెక్క. ఖాళీ క్రేటు ఇంకో రెండు కిలోలు వేసుకుంటే 17. అంటే 68 క్రేట్లు. చాలామంది క్రేటు బరువు మరిచి, మనుషుల్ని మరిచి, "1,300 బై 15, ఎనభై ఆరు" అని ఎక్కించేస్తారు. అక్కడికే మూడు వందల కిలోలు ఎక్కువైపోయింది. సిమెంటు అయితే బస్తా 50 కిలోలు, ఇరవై బస్తాలకు టన్ను. నీళ్లు వెయ్యి లీటర్లంటే సరిగ్గా టన్ను, పైగా సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపు తిరిగిన ప్రతిసారీ ఒక పక్కకు వచ్చి బండిని లాగుతాయి. ఇసుక సంగతి చూపుతో తేల్చకండి, తడి ఇసుక ఎప్పుడూ మోసం చేస్తుంది. అనుమానం వస్తే కాటా మీదికి ఎక్కించండి.

2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఎక్కువ సరుకు అక్కడే దించుకోవాలి కూడా. లోడు బాడీ దాటి పక్కలకో వెనక్కో పొడుచుకు వచ్చినా, ఉండాల్సిన ఎత్తు దాటినా 20,000. ఇనుప కడ్డీలు వెనక వేలాడదీసుకుని సిటీలో తిరిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. చీకట్లో ఆ కడ్డీ కొస, వెనకొచ్చే స్కూటరు అతని ముఖం ఎత్తులోనే ఉంటుంది.

కాగితాల గురించి క్లుప్తంగా. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు. డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయి. కారు లైసెన్సుతో పికప్ నడపొచ్చా అని చాలామంది అడుగుతారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది: మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని ఎల్‌ఎంవీ (తేలిక బండ్ల) లైసెన్సుతో నడపొచ్చు, దాని మీద రవాణా బండికని వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. ఎఫ్‌సీ మాత్రం కొత్త బండికి ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా చేయించాల్సిందే.

చుట్టూ ఒక ప్రదక్షిణ

ఇంజన్ స్టార్ట్ చేయకముందే బండి చుట్టూ ఒక్కసారి తిరగండి. తొందర ఉన్నా సరే. కిందికి వంగి చూడండి. కుక్కపిల్ల, బంతి వెనక పరిగెత్తిన చిన్నపిల్ల, బండి నీడలో కునుకు తీస్తున్న హమాలీ, ఎవరైనా ఉండొచ్చు. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి సీట్లోంచి దగ్గర నేల కనిపించదు. నేల మీద తడి మరకలున్నాయా చూడండి. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ కావచ్చు, రంగు నీళ్లలా ఉంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్. చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే అది బ్రేకు ఆయిల్ కావచ్చు, బండి తీయకండి.

టైర్ల దగ్గర కాసేపు ఆగండి. గాలి ఎంతుండాలో డ్రైవరు డోరు పక్కనున్న స్టిక్కరు మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. వెనక టైర్లకు ఖాళీకి ఒక అంకె, ఫుల్ లోడుకు ఒక అంకె ఉంటే, రెండిటికీ తేడా బాగానే ఉంటుంది. లోడు ఎక్కించే రోజు ఆ పెద్ద అంకె దాకా పట్టించండి. ఖాళీ బండికి అదే గాలి ఉంచితే, వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నలభై కిలోమీటర్లు తోలాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

గాలి తక్కువగా ఉండి లోడు ఎక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంటాయి. ఆ వంగడంతోనే వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద టైరు పేలిందంటే చాలాసార్లు దానికి మూలం పొద్దున చూసుకోని గాలే. టైరు గాడుల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడుల అడుగున చిన్న దిమ్మలుంటాయి, టైరు అరిగి వాటి సమానానికి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. టైరు పక్కన నాలుగంకెల గుర్తుంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. పాత టైరుకు గాడులు బాగానే ఉన్నా పక్కన సన్న పగుళ్లు వస్తాయి, వేలితో రాసి చూడండి. స్టెప్నీ సంగతి మర్చిపోకండి. చాలా పికప్‌లలో అది బాడీ కింద గొలుసుకు వేలాడుతుంది, దించడానికి ఒక రాడ్డు ఉండాలి. ఆ రాడ్డు, జాకీ, వీల్ పానా సీటు వెనక ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. గొలుసు తుప్పు పట్టి స్టెప్నీ దిగక, అర్ధరాత్రి హోస్కోటె దాటాక రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లను నేనెరుగుదును.

వెనక్కి వెళ్లి కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, చూడండి. ఒక పట్టీ విరిగినా బండి ఒక పక్కకు వాలి నిలబడుతుంది, పది అడుగుల దూరం నుంచి చూస్తే తెలిసిపోతుంది. ఆ కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే నట్టు దగ్గర తుప్పు పొడి కొత్తగా రాలి ఉంటుంది.

లైట్లకు ఒక తోడు కావాలి. ఎవరూ లేకపోతే గోడకు వెనక వైపు పెట్టి బ్రేకు తొక్కండి, ఎర్ర వెలుతురు గోడ మీద పడుతుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కల పసుపు టేపు మట్టి పట్టి ఉంటాయి, తడిగుడ్డతో తుడవండి. రాత్రి బండి చెడి ఆగిపోతే ముందు కనిపించేది ఆ టేపే.

బానెట్ కింద

బండిని చదునుగా నిలిపి, ఇంజన్ ఆపి కాసేపు ఆగాక గేజ్ కడ్డీ లాగండి. తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, మళ్లీ తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా నష్టమే. కూలెంట్ డబ్బాలో గీతలు చూడండి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తిప్పకండి, లోపల మరుగుతున్న నీళ్లు ఒక్కసారిగా ముఖం మీదికి ఎగదన్నుతాయి. బ్రేకు ఆయిల్ తగ్గిందంటే ఊరికే పోసి మూత పెట్టేయకండి. ప్యాడ్లు అరిగి ఉండొచ్చు, ఎక్కడో కారుతూ ఉండొచ్చు, మెకానిక్కుకు చూపించండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం) డీజిల్ బండ్లలో కొన్నిటికి యాడ్‌బ్లూ, అంటే పొగలో విషం తగ్గించే ద్రవం, పోసే ట్యాంకు వేరే ఉంటుంది, దానికి నీలం మూత ఉంటుంది. యాడ్‌బ్లూ డీజిల్ ట్యాంకులో పోశారా, తాళం తిప్పకండి, టో చేయించి ట్యాంకు కడిగించాలి. తిప్పితే పంపు, ఇంజెక్టర్లు పోతాయి. బంకులో నిద్రమత్తుతో జరిగే పొరపాటు ఇది. పోసేటప్పుడు దిగి పక్కన నిలబడండి.

బ్రేకు పరీక్ష: ఒక్క నిమిషం పని

ఇది నేను రోజూ చేస్తాను, మీరూ చేయండి. ఇంజన్ ఆపి ఉండగానే బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి. ఒక్కో తొక్కుకూ గట్టిపడుతూ, చివరికి రాయిలా అవుతుంది. అప్పుడు గట్టిగా తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేయండి. కాలి కింద పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. అలా దిగితే వాక్యూమ్ బూస్టరు పనిచేస్తోందన్నమాట. దిగకపోతే మీ కాలి బలం తప్ప బ్రేకుకు ఇంకో సాయం లేదు, టన్ను లోడును అలా ఆపలేరు. ఇంజన్ నడుస్తుండగా అర నిమిషం అలాగే తొక్కి పట్టండి. పెడల్ మెల్లగా కుంగిపోతుంటే ఎక్కడో లీకు ఉంది.

హ్యాండ్ బ్రేకు సంగతి మొదట్లోనే చెప్పాను. లోడు ఎక్కేటప్పుడు హ్యాండ్ బ్రేకుతో పాటు బండిని గేరులో ఉంచండి, చక్రానికి చెక్క దిమ్మ పెట్టండి. నేను ఆ రోజు నుంచి రెండు దిమ్మలు సీటు కిందే ఉంచుకుంటున్నాను. రాయి పెడితే మాత్రం వెళ్లేముందు తీసి పక్కన పడేయండి. మీ వెనక వచ్చే స్కూటరు ఆ రాయి మీదికి ఎక్కుతుంది.

లోడు ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి

బరువైనవి కింద, క్యాబిన్ వైపు, వెనక ఇరుసుకు కొంచెం ముందుగా పెట్టాలి. బరువంతా వెనక డోరు దగ్గర పడితే ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ గాలిలో తిప్పినట్టు అనిపిస్తుంది, ముందు డిస్క్ బ్రేకులకు పట్టు తగ్గుతుంది. రెండు పక్కలా బరువు సమానంగా ఉందో లేదో వెనక నుంచి చూస్తే తెలుస్తుంది. క్యాబిన్‌కూ మొదటి వరుసకూ మధ్య ఖాళీ వదలకండి. సడన్ బ్రేకు కొట్టినప్పుడు ఆ ఖాళీలోకే సరుకంతా దూసుకొస్తుంది.

తాడు కట్టే పద్ధతి చూసి నేర్చుకోవాల్సిందే, అయినా చెబుతాను. ఒక కొస అవతలి కొక్కానికి కట్టి, తాడును లోడు మీదుగా ఇవతలికి వేయండి. ఛాతీ ఎత్తులో తాడును మెలిపెట్టి ఒక ఉచ్చు వేయండి. కిందికి వేలాడే కొసను బాడీ కొక్కెం కింది నుంచి తిప్పి పైకి తెచ్చి, ఆ ఉచ్చులో దూర్చి, మళ్లీ కిందికి లాగండి. బావి దగ్గర కప్పీలా పనిచేస్తుంది ఇది, మామూలుగా లాగినదానికంటే గట్టిగా బిగుస్తుంది. బిగుసుకున్నాక వేలితో మీటితే తాడు టంగుమనాలి. మిగిలిన కొసను చుట్టి లోపలికి దోపండి. టార్పాలిన్ కప్పితే నాలుగు మూలలూ కట్టండి. గాలికి రెపరెపలాడే మూల పక్కన వెళ్లే మోటారు సైకిల్ హ్యాండిల్‌కు చుట్టుకుంటుంది. చివరగా వెనక డోరు గడియలు రెండూ చేత్తో పట్టి గుంజి చూడండి.

ఇంకో మాట. అనంతపురం, కళ్యాణదుర్గం వైపు నుంచి పనికి వచ్చినవాళ్లను సైట్లకు పికప్ వెనక నిలబెట్టి తీసుకెళ్లడం ఈ బెంగళూరులో రోజూ కనిపిస్తుంది. సరుకు బండి బాడీలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ డబ్బు కోసం వాళ్ల ఇంటివాళ్లు ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరగాలి. సిమెంటు బస్తాల మీద కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మేస్త్రీ ఎంత బతిమాలినా ఎక్కించుకోకండి. "బస్సు చార్జీలు నేనిస్తా" అని నేను రెండుసార్లు ఇచ్చాను కూడా.

సీట్లో కూర్చున్నాక

బెల్టు పెట్టుకుని, అద్దాలు సర్దుకోండి. లోడుతో వెనక కిందికి దిగినప్పుడు అద్దాల్లో నేలే ఎక్కువ కనిపిస్తుంది, అందుకే లోడు ఎక్కాకే సర్దాలి. ఎడమ అద్దంలో మీ వెనక చక్రం, దాని పక్క నేల కనిపించాలి. బెంగళూరులో స్కూటర్లు ఆ ఎడమ సందులోంచే దూరతాయి.

స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌కు తిప్పగానే డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ వెలుగుతాయి. చుట్ట తీగలా ఉండే పసుపు గుర్తు ఆరాకే స్టార్ట్ చేయండి. స్టార్ట్ అయ్యాక ఆయిల్, బ్యాటరీ గుర్తులు, హ్యాండ్ బ్రేకు దించాక బ్రేకు గుర్తు ఆరిపోవాలి. ఎర్రది ఏది మిగిలినా బండి కదలకూడదు.

స్టీరింగ్ పక్కనో కిందనో సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం చాలా బండ్లలో ఉంటుంది. అదేమిటో తెలియకుండానే ఏళ్ల తరబడి తోలేవాళ్లున్నారు. అది హెడ్‌లైట్ల వాలు మార్చేది. లోడు ఎక్కితే బండి వెనక కుంగి ముందు భాగం లేస్తుంది, దాంతో లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. మీకు మాత్రం దగ్గర రోడ్డు చీకటిగా ఉంటుంది. ఖాళీకి సున్నా, ఫుల్ లోడుకు రెండో మూడో పెట్టి, గోడ ముందు నిలిపి వెలుతురు కిందికి దిగిందో లేదో చూసుకోండి. రాత్రి ఎదురు బండ్లు మీకు పదేపదే డిప్పర్ కొడుతుంటే ముందు ఆ చక్రం వైపు చూడండి.

డీజిల్ ఆదా చేసే ఎకో బటన్ ఉంటే ఖాళీ బండికి, చదును రోడ్డుకు వాడండి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు తీసేయండి. ఫోర్ వీల్ ఉన్న పికప్‌లు, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు లాంటివి, ఈమధ్య ఇక్కడ సొంతానికి కొనేవాళ్లు పెరిగారు. మామూలు తారు రోడ్డు మీద 2హెచ్‌లోనే (వెనక రెండు చక్రాలకే ఇంజన్ బలం) ఉంచండి. బురద, ఇసుక, రాళ్ల దారి వచ్చినప్పుడు 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం). నిట్టనిలువు ఎత్తుకో, దిగబడ్డప్పుడో 4ఎల్ (నాలుగు చక్రాలకూ, వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ). 4ఎల్‌కు బండి ఆపి, న్యూట్రల్ చేసి మార్చాలి. పొడి రోడ్డు మీద 4హెచ్‌లో మలుపులు తిప్పితే ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, లోపలి గేర్లు దెబ్బతింటాయి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసుకుని వానలో నడపడం చాలామందికి అలవాటు. అవి ఆగిన బండికి. నడుస్తున్నప్పుడు వేస్తే మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు.

దారిలో

బయల్దేరిన పది, పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపండి. కుదుపులకు లోడు సర్దుకుని తాళ్లు వదులవుతాయి, మళ్లీ బిగించండి. చేతి వెనక వైపుతో చక్రాల మధ్య భాగం దగ్గర వేడి చూడండి. నాలుగింట్లో ఒకటి మాత్రమే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టుకుపోయింది. కొత్తగా చక్రం మార్చి ఉంటే యాభై, వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ బిగించాలి.

ఇక్కడి నుంచి పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్లేవాళ్లకు మొగిలి ఘాట్ ఉంది. పీఠభూమి మీద నుంచి కిందికి దిగే దారి అది, లోడుతో దిగేటప్పుడు బండి తనంతట తాను పరిగెత్తాలని చూస్తుంది. దిగడం మొదలుకాకముందే మూడో గేరుకో రెండో గేరుకో రండి, ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు పెట్టేసి దిగితే డ్రమ్ములు కాలి, కమురు వాసన వచ్చి, ఒక దశలో పెడల్ తొక్కినా పట్టదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు, ఇంజనే ఆపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజన్ ఆగితే బూస్టరుకు వాక్యూమ్ రాదు, రెండు మూడు తొక్కులకు పెడల్ రాయవుతుంది. మీరు పొద్దున పరీక్షలో చూసిన రాయి అదే. ఈసారి కింద లోయ ఉంటుంది.

సిటీలో సరుకు బండ్లకు రద్దీ వేళల్లో కొన్ని రోడ్లు మూసేస్తారు, వేళలు మారుతుంటాయి. ట్రాఫిక్ పోలీసుల తాజా ప్రకటన చూసుకుని బయల్దేరండి. రైల్వే బ్రిడ్జిల కింద ఎత్తు రాసి ఉంటుంది, టార్పాలిన్‌తో కలిపి మీ లోడు ఎంత ఎత్తుందో కొలిచి గుర్తుంచుకోండి. వాన పడితే అండర్‌పాస్‌లో నీళ్ల లోతు అంచనా వేయకండి. 2023 మే నెలలో కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో వాన నీళ్లలో కారు చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. పికప్ ఎత్తు కదా అనే ధైర్యం వద్దు, చుట్టు తిరిగి వెళ్లండి.

సరుకు దించాక

బెంగళూరు కలాసిపాళ్యం మార్కెట్లో ఆఖరి క్రేటు దిగేసరికి మీ చేతిలో మళ్లీ వేరే బండి ఉంటుంది. బాగా లాగి వచ్చిన టర్బో ఇంజన్‌ను ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. హెడ్‌లైటు చక్రం సున్నాకు తిప్పండి. అద్దాలు మళ్లీ సర్దండి. టార్పాలిన్ మడిచి, తాళ్లు చుట్టి, ఖాళీ క్రేట్లు ఉంటే వాటినీ కట్టండి, హైవే గాలికి ఖాళీ క్రేటు ఎగిరిపోతుంది. తిరుగు ప్రయాణం దూరమైతే టైర్లు చల్లారాక వెనక గాలి ఖాళీ అంకెకు తెచ్చుకోండి. బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందే పట్టేసి జారగలవు, ముఖ్యంగా తడిసిన ఫ్లైఓవర్ మీద, అందుకే మొదటి సిగ్నల్ దగ్గర మెల్లగా తొక్కి చూసుకోండి. వెనక డోరు గడియలు గుంజి చూసి, చక్రాల కింద దిమ్మలు తీసి సీటు కింద పెట్టి, బండి చుట్టూ ఇంకొక్కసారి తిరిగి ఎక్కండి.